బిల్లుకు గీటురాయి, ఖర్చుకు లెక్క: పార్లమెంటరీ సంఘాల పనితీరు

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో నాటి ప్రధానమంత్రి డాక్టర్ మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. గ్రామీణ ప్రాంతంలో నివసిస్తూ కాయకష్టం చేయడానికి ముందుకు వచ్చే ఏ కుటుంబానికైనా ఏడాదికి 100 రోజుల పని చట్టబద్ధమైన హక్కుగా ఆనాడు అమలులోకి వచ్చింది. అయితే 2004 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన బిల్లులో ఈ హామీ గ్రామీణ కుటుంబాలన్నిటికీ వర్తించేది కాదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న పేద కుటుంబాలకే దానిని పరిమితం చేశారు. ఆ బిల్లును పరిశీలించిన గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘం శ్రీ కల్యాణ్ సింగ్ అధ్యక్షతన సాక్ష్యాలు విని, హామీని గ్రామీణ కుటుంబాలన్నిటికీ విస్తరించాలని సిఫార్సు చేసింది. 2005 ఆగస్టులో ఉభయ సభలు ఆమోదించిన తుది చట్టంలో పేద కుటుంబాలకే అన్న పరిమితి లేదు. తద్వారా పేదల జాబితాలో పేరు ఉన్నదా, లేదా అన్న ప్రశ్నతో నిమిత్తం లేకుండా పని అడిగే హక్కు పల్లెవాసులకు దక్కింది.

పార్లమెంటరీ సంఘాలు చేసే పనికి ఇది ఒక ఉదాహరణ మాత్రమే. సభలో జరిగే చర్చను దేశమంతా టెలివిజన్‌లో చూస్తుంది. సంఘం గదిలో జరిగే పరిశీలన ఎవరికీ కనిపించదు. అయినప్పటికీ చట్టంలోని పదాలను, ప్రజాధనం ఖర్చయిన తీరును వరుసవారీగా తరచి చూసే పని ప్రధానంగా అక్కడే జరుగుతుంది. ఈ సంఘాల సిఫార్సులు ప్రభుత్వానికి సలహాలే తప్ప ఆదేశాలు కావు. వాటి బలమంతా సంఘానికి ఏ విషయాన్ని నివేదిస్తారు, నివేదిక వచ్చిన తరువాత ప్రభుత్వం ఏమి సమాధానం చెబుతుంది అన్న రెండు అంశాలపైనే ఆధారపడి ఉంటుంది.

సంఘాల అవసరం

లోక్‌సభలో 543 మంది సభ్యులు ఉంటారు. వందల సెక్షన్లు గల ఒక బిల్లును ఇంతమంది కలిసి పదం పదం చర్చించడం ఆచరణ సాధ్యం కాదు. కేంద్ర బడ్జెట్‌లో వందకు పైగా డిమాండ్లు ఉంటాయి. వాటిలో కొద్ది మంత్రిత్వ శాఖలకు సంబంధించినవే సభలో చర్చకు వస్తాయి. నిర్ణీత గడువు ముగిసిన వెంటనే మిగిలిన డిమాండ్లన్నిటినీ చర్చ లేకుండా ఒకేసారి ఓటింగుకు పెడతారు. ఈ పద్ధతికే గిలెటిన్ అని పేరు. 2023 మార్చి 23న కేంద్ర ప్రభుత్వ డిమాండ్లన్నీ ఈ విధంగానే లోక్‌సభ ఆమోదం పొందాయి. సభలో నినాదాల మధ్య చర్చకు తావు లేకపోయిన అటువంటి సందర్భాలలో, ఆ డిమాండ్లను ఎన్నికైన ప్రతినిధులు పరిశీలించారనడానికి మిగిలే ఆధారం స్థాయీ సంఘాల నివేదికలే.

సంఘానికి మరో సౌలభ్యం కూడా ఉంది. సభలో మాట్లాడే సభ్యుడు పార్టీ విప్‌కు లోబడి ఉంటాడు. సంఘం సమావేశాలు రహస్యంగా జరుగుతాయి. విలేకరులు గాని, ప్రేక్షకులు గాని ఉండరు. అందువల్ల అధికార పక్ష సభ్యుడు సైతం సంబంధిత శాఖ కార్యదర్శిని నిలదీసి ప్రశ్నించగలుగుతాడు. మంత్రులు ఈ సంఘాలలో సభ్యులుగా ఉండరాదన్న నిబంధన ఉద్దేశం కూడా ఇదే.

రాజ్యాంగంలోని 118వ అధికరణ ప్రకారం ఉభయ సభలు తమ కార్యక్రమ నియమావళిని రూపొందించుకుంటాయి. సంఘాల ఏర్పాటు, అధికారాలు ఆ నియమావళిలోనే పొందుపరచబడ్డాయి. రాష్ట్ర శాసనసభలకు 208వ అధికరణ ఇదే అధికారాన్ని కల్పిస్తోంది. వ్యక్తులను పిలిపించడానికి, పత్రాలను, రికార్డులను తెప్పించుకోవడానికి సంఘాలకు అధికారం ఉంది. దేశ భద్రతకు లేదా ప్రయోజనాలకు భంగకరమన్న కారణంపై మాత్రమే ఏదైనా పత్రాన్ని ఇవ్వడానికి ప్రభుత్వం నిరాకరించవచ్చు.

సెలెక్ట్ కమిటీ, సంయుక్త సంఘం

ఒక బిల్లును ప్రవేశపెట్టిన తరువాత దానిని అక్కడికక్కడే పరిశీలనకు చేపట్టాలని గాని, సెలెక్ట్ కమిటీకి పంపాలని గాని, ఉభయ సభల సంయుక్త సంఘానికి పంపాలని గాని, ప్రజాభిప్రాయ సేకరణకు పంపాలని గాని తీర్మానం ప్రతిపాదించవచ్చు. సెలెక్ట్ కమిటీలో ఒకే సభకు చెందిన సభ్యులు ఉంటారు. సంయుక్త సంఘంలో లోక్‌సభ, రాజ్యసభ సభ్యులు రెండుకు ఒకటి నిష్పత్తిలో ఉంటారు. ఈ సంఘాలు ఆ ఒక్క బిల్లు కోసమే ఏర్పడి, నివేదిక సమర్పించగానే రద్దవుతాయి. సభ గడువు నిర్ణయించని పక్షంలో మూడు నెలలలోగా నివేదిక ఇవ్వాలి. గడువును పొడిగించే అధికారం సభకు ఉంటుంది.

సంఘం ముందుగా నిపుణుల నుంచి, సంబంధిత వర్గాల నుంచి, సాధారణ పౌరుల నుంచి వినతిపత్రాలు ఆహ్వానిస్తుంది. అవసరమైన వారిని పిలిపించి సాక్ష్యం వింటుంది. తదుపరి బిల్లును క్లాజుల వారీగా పరిశీలిస్తుంది. సవరణలతో కూడిన బిల్లు పాఠం నివేదికకు జతపరచబడుతుంది. మెజారిటీ అభిప్రాయంతో ఏకీభవించని సభ్యులు అసమ్మతి పత్రం ఇవ్వవచ్చు. ఈ అసమ్మతి పత్రాలు నివేదికలో అంతర్భాగంగా ముద్రితమవుతాయి.

ఇటీవలి కాలంలో 2025 ఆదాయపు పన్ను బిల్లు ఈ పద్ధతికి చక్కని నిదర్శనం. 1961 నాటి చట్టం స్థానంలో 536 సెక్షన్లతో రూపొందించిన ఈ బిల్లును 2025 ఫిబ్రవరి 13న లోక్‌సభలో ప్రవేశపెట్టి, శ్రీ బైజయంత్ పాండా అధ్యక్షతన 31 మంది సభ్యుల సెలెక్ట్ కమిటీకి నివేదించారు. కమిటీ జూలై 21న 285 సూచనలతో నివేదిక సమర్పించింది. గడువు దాటిన తరువాత రిటర్ను దాఖలు చేసిన వారికి పన్ను వాపసు రాకుండా చేసే నిబంధనను తొలగించాలన్నది వాటిలో ఒకటి. జీతంలో కోత పడిన పన్నును తిరిగి పొందడానికే రిటర్ను వేసే చిన్న ఉద్యోగికి ఆ నిబంధన నేరుగా నష్టం కలిగించేది. ప్రభుత్వం పాత బిల్లును ఉపసంహరించుకుని, కమిటీ సూచనలను చాలా వరకు పొందుపరచి ఆగస్టు 11న కొత్త బిల్లును ప్రవేశపెట్టింది. లోక్‌సభ అదే రోజున, రాజ్యసభ మరుసటి రోజున దానిని ఆమోదించాయి. సభలో చర్చ స్వల్పమే అయినా, బిల్లుపై అయిదు నెలలకు పైగా సంఘంలో కసరత్తు జరిగిన విషయం గమనార్హం.

లోక్‌పాల్ బిల్లు చరిత్ర దీనికి భిన్నమైనది. 2011 డిసెంబరులో లోక్‌సభ ఆమోదించిన ఆ బిల్లు రాజ్యసభలో నిలిచిపోయి, 2012 మే నెలలో శ్రీ సత్యవ్రత్ చతుర్వేది అధ్యక్షతన ఏర్పడిన సెలెక్ట్ కమిటీకి చేరింది. రాష్ట్రాలలో లోకాయుక్తల ఏర్పాటును పార్లమెంటు చట్టం ద్వారానే నిర్దేశించడం రాష్ట్రాల అధికారాలలో జోక్యమన్న అభ్యంతరం అప్పట్లో ప్రధానంగా వినిపించింది. లోకాయుక్త చట్టాన్ని రాష్ట్ర శాసనసభలే ఒక ఏడాదిలోగా రూపొందించుకోవాలని కమిటీ చేసిన సూచన ప్రతిష్టంభన తొలగడానికి తోడ్పడింది. 2013 డిసెంబరులో ఉభయ సభలు బిల్లును ఆమోదించాయి. సభలో పరిష్కారం కాని వివాదానికి సంఘంలో మధ్యేమార్గం లభించడం ఇందులోని విశేషం.

శాఖాపరమైన స్థాయీ సంఘాలు

ఏటా వచ్చే బడ్జెట్‌ను, వివిధ శాఖల బిల్లులను నిరంతరం పరిశీలించడానికి శాశ్వత ప్రాతిపదికన సంఘాలు అవసరమని గుర్తించి, 1989లో వ్యవసాయం, శాస్త్ర సాంకేతిక రంగం, పర్యావరణం-అడవులు అనే మూడు విషయాలకు సంఘాలను ఏర్పాటు చేశారు. 1993 ఏప్రిల్‌లో వాటి స్థానంలో 17 శాఖాపరమైన స్థాయీ సంఘాలు ఏర్పడ్డాయి. 2004లో వాటి సంఖ్యను 24కు పెంచారు. ఒక్కొక్క సంఘంలో 31 మంది సభ్యులు ఉంటారు. వారిలో 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి నియమితులవుతారు. 16 సంఘాలు లోక్‌సభ స్పీకర్ పర్యవేక్షణలో, 8 సంఘాలు రాజ్యసభ ఛైర్మన్ పర్యవేక్షణలో పనిచేస్తాయి.

శాఖల డిమాండ్లను పరిశీలించడం, తమకు నివేదించిన బిల్లులపై నివేదిక ఇవ్వడం, శాఖల వార్షిక నివేదికలను పరిశీలించడం, దీర్ఘకాలిక జాతీయ విధాన పత్రాలపై అభిప్రాయం చెప్పడం వీటి విధులు. శాఖల దైనందిన పరిపాలనలో ఇవి జోక్యం చేసుకోవు. బడ్జెట్ ప్రవేశపెట్టిన తరువాత సభలు కొన్ని వారాల పాటు విరామం తీసుకుంటాయి. ఆ విరామం సభ్యులకు విశ్రాంతి కోసం కాదు, సంఘాలు డిమాండ్లను పరిశీలించడం కోసమే. గత ఏడాది కేటాయింపు ఎంత, ఖర్చు ఎంత, మిగులు ఎందుకు ఏర్పడింది, ఆర్థిక సంవత్సరం చివరి త్రైమాసికంలో ఒక్కసారిగా ఖర్చు ఎందుకు పెరిగింది వంటి ప్రశ్నలకు కార్యదర్శి స్థాయి అధికారులు సమాధానం చెప్పవలసి ఉంటుంది. కేటాయింపులను తగ్గించాలని మాత్రం సంఘం సిఫార్సు చేయరాదు. కోత తీర్మానాలు సభ పరిధిలోనివి.

బిల్లుల విషయంలో స్థాయీ సంఘాల ప్రభావానికి 2005 సమాచార హక్కు చట్టం మరొక తార్కాణం. 2004లో ప్రవేశపెట్టిన బిల్లు కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకే వర్తించేది. శ్రీ ఇ.ఎం. సుదర్శన నాచియప్పన్ అధ్యక్షతన గల స్థాయీ సంఘం పరిశీలన తరువాత రూపొందిన చట్టం రాష్ట్ర ప్రభుత్వాలకు, స్థానిక సంస్థలకు సైతం వర్తించింది. మండల రెవెన్యూ కార్యాలయంలోనో, గ్రామ పంచాయతీలోనో దరఖాస్తు పెట్టి కాగితం అడిగే హక్కు సామాన్యునికి ఈ విధంగానే సంక్రమించింది.

ప్రజా పద్దుల సంఘం

పై సంఘాలు ఖర్చుకు ముందు ప్రశ్నిస్తే, ప్రజా పద్దుల సంఘం ఖర్చయిన తరువాత లెక్క అడుగుతుంది. బ్రిటిష్ పార్లమెంటులో 1861లో ఏర్పడిన ఈ తరహా సంఘం భారతదేశంలో 1921లో ప్రారంభమైంది. స్వాతంత్ర్యానికి పూర్వం ప్రభుత్వ ఆర్థిక సభ్యుడే దానికి అధ్యక్షుడు. అంటే ఖర్చు చేసిన వారే లెక్క చూసేవారు. రాజ్యాంగం అమలులోకి వచ్చిన 1950 నుంచి ఈ సంఘం స్పీకర్ నియంత్రణలో పనిచేసే పార్లమెంటరీ సంఘంగా మారింది. ప్రస్తుతం ఇందులో 22 మంది సభ్యులు ఉంటారు. 15 మందిని లోక్‌సభ నుంచి, ఏడుగురిని రాజ్యసభ నుంచి ఏటా దామాషా ప్రాతినిధ్య పద్ధతిలో, ఏక ఓటు బదిలీ విధానం ద్వారా ఎన్నుకుంటారు. 1967లో శ్రీ ఎం.ఆర్. మసానీ నియామకంతో ప్రతిపక్ష సభ్యుని అధ్యక్షునిగా నియమించే సంప్రదాయం మొదలైంది. తెలుగువారిలో శ్రీ పి.వి. నరసింహారావు 1978-79లో ఈ పదవిని నిర్వహించారు. 1984 ఎన్నికల అనంతరం తెలుగుదేశం పార్టీ లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షంగా ఉన్న కాలంలో కర్నూలు సభ్యుడు శ్రీ ఇ. అయ్యపురెడ్డి అధ్యక్షునిగా వ్యవహరించారు.

కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) సమర్పించే నివేదికలే ఈ సంఘానికి ఆధారం. 151వ అధికరణ ప్రకారం కేంద్రానికి సంబంధించిన నివేదికలు రాష్ట్రపతికి, రాష్ట్రాలకు సంబంధించినవి గవర్నరుకు అందుతాయి. వారు వాటిని చట్టసభల ముందు ఉంచే ఏర్పాటు చేస్తారు. నివేదికలోని పేరాలన్నిటినీ విచారించడం సాధ్యం కాదు కాబట్టి ముఖ్యమైన వాటిని సంఘం ఎంపిక చేసుకుంటుంది. మంజూరైన సొమ్ము మంజూరైన పనికే ఖర్చయిందా, ఖర్చుకు అధికారం ఉన్నదా, ఆ ఖర్చు వివేకంతో పొదుపుగా జరిగిందా అన్నది పరిశీలిస్తుంది. ప్రభుత్వ విధానం మంచిదా, చెడ్డదా అన్న జోలికి పోదు. ఆ విధానం అమలులో జరిగిన దుబారాను, నష్టాన్ని మాత్రం వెలికి తీస్తుంది.

చట్టసభ మంజూరు చేసిన మొత్తానికి మించి ఖర్చు జరిగినప్పుడు 115వ అధికరణ కింద దానిని క్రమబద్ధం చేయించుకోవాలి. ఎందుకు అధికంగా ఖర్చయిందో ప్రజా పద్దుల సంఘం విచారించి సిఫార్సు చేసిన తరువాతనే ఆ గ్రాంటు సభకు వస్తుంది. ఈ అధిక వ్యయం ఏళ్ల తరబడి క్రమబద్ధం కాకుండా ఉండిపోతున్నదని రెండు తెలుగు రాష్ట్రాలకు సంబంధించిన కాగ్ నివేదికలు పలుమార్లు ఎత్తిచూపాయి. శాసనసభ అనుమతి లేని ఖర్చుకు శాసనసభ ముద్ర పడకపోవడం కేవలం లెక్కల లోపం కాదు. సంచిత నిధిపై ఎన్నికైన సభకు ఉండే నియంత్రణకు సంబంధించిన విషయం.

అంచనాల సంఘం, ప్రభుత్వ రంగ సంస్థల సంఘం

నాటి ఆర్థిక మంత్రి డాక్టర్ జాన్ మత్తయ్ సూచన మేరకు 1950లో అంచనాల సంఘం ఏర్పడింది. చిత్తూరు జిల్లాకు చెందిన శ్రీ మాడభూషి అనంతశయనం అయ్యంగార్ దీనికి తొలి అధ్యక్షుడు. ఇందులోని 30 మంది సభ్యులూ లోక్‌సభ వారే. విధానాల పరిధికి లోబడి పొదుపు ఎలా సాధించవచ్చు, పరిపాలనా సామర్థ్యాన్ని ఎలా పెంచవచ్చు అన్నది ఈ సంఘం సూచిస్తుంది. సంఘం నివేదిక వచ్చేవరకు డిమాండ్లు ఆగవు. ఏడాది పొడవునా కొన్ని శాఖలను ఎంచుకుని పరిశీలిస్తుంది.

ప్రభుత్వ రంగ సంస్థల సంఘం 1964లో ఏర్పడింది. ప్రస్తుతం ఇందులో 22 మంది సభ్యులు ఉన్నారు. ప్రభుత్వ కంపెనీలు, కార్పొరేషన్ల లెక్కలను, వాటిపై కాగ్ నివేదికలను ఇది పరిశీలిస్తుంది. ప్రజాధనం పెట్టుబడిగా వెళ్లిన సంస్థ స్వయంప్రతిపత్తి పేరుతో చట్టసభ దృష్టి నుంచి తప్పుకోకుండా చూడటం దీని లక్ష్యం.

రాష్ట్ర చట్టసభలలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోను శాసనసభతో పాటు శాసనమండలి కూడా ఉంది. రెండు రాష్ట్రాలలోను ప్రజా పద్దుల, అంచనాల, ప్రభుత్వ రంగ సంస్థల సంఘాలు పనిచేస్తున్నాయి.

సెలెక్ట్ కమిటీ అన్న మాట తెలుగునాట ఇంటింటా వినిపించిన సందర్భం 2020 జనవరిలో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన పరిపాలనా వికేంద్రీకరణ బిల్లును, రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ చట్టం రద్దు బిల్లును మండలి ఛైర్మన్ శ్రీ ఎం.ఎ. షరీఫ్ జనవరి 22న సెలెక్ట్ కమిటీకి నివేదిస్తున్నట్లు ప్రకటించారు. నివేదించిన పద్ధతి నిబంధనలకు అనుగుణమేనా అన్న విషయమై పక్షాల మధ్య తీవ్ర భేదాభిప్రాయాలు తలెత్తాయి. కమిటీలు ఏర్పడలేదు. జూన్‌లో శాసనసభ బిల్లులను మరల ఆమోదించింది. జూలై 31న గవర్నరు ఆమోదముద్ర వేశారు. 2021 నవంబరులో ఆ చట్టాలను ప్రభుత్వమే ఉపసంహరించుకుంది. 197వ అధికరణ ప్రకారం సాధారణ బిల్లును మండలి మొదటిసారి మూడు నెలలు, రెండవసారి ఒక నెల మాత్రమే ఆపగలదు. ఆ కాలాన్ని ప్రజల వాదన వినడానికి వినియోగించుకునే సాధనం సెలెక్ట్ కమిటీ. నాటి ఉదంతంలో అమరావతికి భూములిచ్చిన రైతులు గాని, ఇతర ప్రాంతాల వారు గాని తమ వాదనను కమిటీ ఎదుట వినిపించే అవకాశం రాలేదన్నది మాత్రం నిర్వివాదాంశం.

ప్రజా పద్దుల సంఘం అధ్యక్ష పదవిపై 2024లో రెండు రాష్ట్రాలలోను వివాదాలు చెలరేగాయి. తెలంగాణలో సెప్టెంబరులో నియమితుడైన అధ్యక్షుడు ఏ పక్షానికి చెందుతారన్న ప్రశ్న తలెత్తింది. ఆంధ్రప్రదేశ్‌లో సమస్య అంకెలకు సంబంధించినది. 175 మంది సభ్యులు గల శాసనసభ నుంచి సంఘానికి తొమ్మిది మందిని ఎన్నుకోవాలి. ఏక ఓటు బదిలీ విధానంలో ఒక స్థానం దక్కాలంటే 18 ఓట్లు కావాలి. 11 మంది సభ్యులు మాత్రమే గల వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ నవంబరులో జరిగిన ఎన్నికను బహిష్కరించింది. అధికార కూటమిలోని జనసేన సభ్యుడు శ్రీ పులపర్తి రామాంజనేయులు అధ్యక్షులయ్యారు. ప్రతిపక్షానికి అధ్యక్ష పదవి ఇవ్వడం సంప్రదాయమే తప్ప రాజ్యాంగ నిబంధన కాదు. ఎన్నికలలో ఏకపక్ష తీర్పులు వచ్చినప్పుడు ఆ సంప్రదాయాన్ని ఎలా కాపాడుకోవాలన్న ప్రశ్నకు నియమావళిలో సమాధానం లేదు.

సిఫార్సు తరువాత ఏమవుతుంది

స్థాయీ సంఘం నివేదిక సమర్పించిన మూడు నెలలలోగా సంబంధిత శాఖ తాను తీసుకున్న చర్యలను తెలియజేయాలి. ఆ సమాధానాలను పరిశీలించి సంఘం చర్యల నివేదికను వెలువరిస్తుంది. ఇందులో ప్రభుత్వం అంగీకరించిన సిఫార్సులు, ప్రభుత్వ సమాధానం దృష్ట్యా సంఘం పట్టుబట్టనివి, ప్రభుత్వ సమాధానాన్ని సంఘం తిరస్కరించినవి, తుది సమాధానం రావలసినవి అని అధ్యాయాలు వేర్వేరుగా ఉంటాయి. అదనంగా, ప్రతి మంత్రి తన శాఖకు సంబంధించిన సిఫార్సుల అమలు స్థితిపై ఆరు నెలలకొకసారి సభలో ప్రకటన చేయాలని 2004లో లోక్‌సభ స్పీకర్ నిర్దేశించారు.

సంఘాల వెలుపల ఉన్న వారికి ఈ దశ అప్రధానంగా కనిపించవచ్చు. నిజానికి సిఫార్సును మొదటిసారి తోసిపుచ్చిన శాఖ, అదే ప్రశ్నను రెండవసారి లిఖితపూర్వకంగా ఎదుర్కోవలసి రావడమే ఈ వ్యవస్థకు ఉన్న ముఖ్యమైన పట్టు.

అధికారులు, పాత్రికేయులు గమనించవలసిన అంశాలు

సంఘం ఎదుట హాజరయ్యే అధికారి శాఖ పక్షాన వాస్తవాలు చెప్పవలసి ఉంటుంది. విధానపరమైన సమర్థన మంత్రి సభలో చేసే పని. మంత్రులను ఆర్థిక సంఘాల ఎదుట సాక్ష్యానికి పిలవరు. ముందుగా పంపిన ప్రశ్నావళికి ఇచ్చే లిఖిత సమాధానంలోని అంకెలు, మౌఖిక సాక్ష్యంలోని అంకెలు సరిపోలకపోవడం తరచుగా ఇబ్బందులకు దారితీస్తుంది. రాష్ట్రాలలో కాగ్ నివేదిక శాసనసభ ముందుకు వచ్చిన తరువాత, సంఘం నుంచి పిలుపు వచ్చేవరకు వేచి ఉండకుండా మూడు నెలలలోగా వివరణ పత్రాలు పంపాలన్నది శాఖలు పాటించవలసిన నియమం. ఇవి సకాలంలో అందకపోతే ఆడిట్ పేరా విచారణకు వచ్చేనాటికి సంబంధిత అధికారులు బదిలీపై వెళ్లడమో, పదవీ విరమణ చేయడమో జరిగి, బాధ్యులను నిర్ధారించడం కష్టమవుతుంది.

పాత్రికేయుల విషయానికి వస్తే, నివేదిక సభకు సమర్పించక ముందే అందులోని అంశాలను గాని, సంఘం ఎదుట జరిగిన సాక్ష్యాన్ని గాని ప్రచురించడం సభా హక్కుల ఉల్లంఘన కిందికి వస్తుంది. సమర్పించిన తరువాత నివేదిక బహిరంగ పత్రమే. బిల్లులపై నివేదికలో అసమ్మతి పత్రాలు చివర ఉంటాయి. అసలు వివాదం ఏ క్లాజుపై ఉన్నదో అవి చదివితే తేటపడుతుంది. ప్రజా పద్దుల సంఘం నివేదికలలో అసమ్మతి పత్రాలకు అవకాశం లేదు. చర్యల నివేదికలలో ప్రభుత్వ సమాధానాన్ని సంఘం తిరస్కరించిన అధ్యాయం ప్రత్యేకంగా చదవదగినది.

పరిమితులు

సంఘాలకు బిల్లులను నివేదించడం తప్పనిసరి కాదు. పి.ఆర్.ఎస్. లెజిస్లేటివ్ రిసెర్చ్ సంస్థ గణాంకాల ప్రకారం 15వ లోక్‌సభ కాలంలో 71 శాతం బిల్లులు సంఘాల పరిశీలనకు వెళ్లగా, 16వ లోక్‌సభలో అవి సుమారు నాలుగో వంతుకు, 17వ లోక్‌సభలో 16 శాతానికి తగ్గాయి. బిల్లుల అవసరాన్ని బట్టి, అత్యవసరతను బట్టి నివేదించాలా, వద్దా అన్నది నిర్ణయిస్తామని ప్రభుత్వాలు చెబుతూ వచ్చాయి. సంఘానికి పంపడం కాలయాపనకు దారితీస్తుందన్న వాదన కూడా ఉంది. వ్యక్తిగత డేటా పరిరక్షణ బిల్లు 2019 డిసెంబరులో సంయుక్త సంఘానికి వెళ్లి రెండేళ్ల తరువాత నివేదిక వచ్చినా, 2022 ఆగస్టులో ప్రభుత్వం దానిని ఉపసంహరించుకుని, 2023లో వేరొక చట్టం తీసుకువచ్చింది.

సంఘాలు రాజకీయాలకు పూర్తిగా అతీతం కూడా కావు. 2జి స్పెక్ట్రమ్ కేటాయింపులపై 2011 ఏప్రిల్‌లో ప్రజా పద్దుల సంఘం ముసాయిదా నివేదికను సంఘంలోని మెజారిటీ సభ్యులు తిరస్కరించారు. అధ్యక్షుడు డాక్టర్ మురళీ మనోహర్ జోషి స్పీకర్‌కు పంపిన ఆ నివేదిక తిరిగి వచ్చింది. ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షునిగా ఉన్నప్పటికీ, సంఘంలో మెజారిటీ సభలోని బలాబలాలనే ప్రతిబింబిస్తుందన్న సంగతి ఆ ఉదంతంతో స్పష్టమైంది.

ఉపాధి హామీ విషయానికే తిరిగి వస్తే, 2005 నాటి చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని తెచ్చే బిల్లును 2025 డిసెంబరులో పార్లమెంటులో ప్రవేశపెట్టారు. దానిని సంఘం పరిశీలనకు పంపాలని ప్రతిపక్ష సభ్యులు కోరారు. ఏ సంఘానికీ నివేదించకుండానే వారం తిరగకముందే ఉభయ సభలు దానిని ఆమోదించాయి. కొత్త చట్టం గుణదోషాలు వేరే చర్చ. 2004లో అదే విషయంపై వచ్చిన బిల్లు స్థాయీ సంఘంలో నెలల తరబడి నలిగి, పేదల జాబితాలో లేని కుటుంబానికి కూడా పని హక్కును తెచ్చిపెట్టింది. ఒక బిల్లు పరిధిలోకి ఎవరు వస్తారు, ఎవరు మిగిలిపోతారు అన్నది తరచుగా ఒకటి రెండు పదాలపై ఆధారపడి ఉంటుంది. ఆ పదాలను తీరికగా చదివి, వాటివల్ల ప్రభావితులయ్యే వారిని పిలిచి వినే చోటు చట్టసభలలో సంఘమే. దానిని ఎంత మేరకు వినియోగించుకోవాలన్నది ప్రతి ప్రభుత్వం, ప్రతి సభ తమకు తాముగా నిర్ణయించుకోవలసిన విషయం.